గాలి తగ్గేదాకా

గాలి గంటకు 14 మైళ్ళు దాటితే స్టూడెంట్లు దూకకూడదు. అమెరికాలో స్కైడైవింగ్‌కు, అంటే విమానంలోంచి పారాషూట్‌తో దూకే ఆటకు, ఉన్న నియమాల్లో, నిద్రలో లేపి అడిగినా నేను చెప్పగలిగేది ఇది. 1998 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ విమానాశ్రయంలో, ఒక గుడారం నీడన రెండు రోజుల పాటు నేను ఆ అంకె కోసమే కాచుకుని కూర్చున్నాను. గుడారం గుంజకు ఒక పలక కట్టి ఉండేది. గంటకోసారి ఎవరో ఒకరు వచ్చి దాని మీద గాలి వేగం రాసి వెళ్ళేవారు. 17. 18. 16. ఆ 16 చూసి మేం నలుగురైదుగురం లేచి నిలబడ్డాం. తరవాతి గంటకు అది 19 అయింది. మళ్ళీ కూర్చున్నాం.

మా తలల మీదుగా విమానాలు మాత్రం ఆగకుండా ఎగురుతూనే ఉన్నాయి. లైసెన్సు ఉన్నవాళ్ళకు ఆ గాలి అడ్డం కాదు. కాసేపటికోసారి ఆకాశంలో ఎక్కడో టపటపమని గుడ్డ విదిలించిన చప్పుళ్ళు వినిపించేవి. తలెత్తి చూస్తే ఎరుపు, పసుపు, నీలం పారాషూట్ గొడుగులు ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటూ ఉండేవి. మెడ నొప్పి పుట్టేదాకా చూసేవాణ్ణి.

అప్పటికి నేను దూకింది 11 సార్లు. ఈ ఆటలో స్టూడెంట్ అంటే కాలేజీలో చదువుకునేవాడని కాదు. అరవయ్యేళ్ళ మనిషైనా, ఊళ్ళో పేరున్న డాక్టరైనా, ‘ఎ’ లైసెన్సు చేతికి వచ్చేదాకా స్టూడెంటే. అప్పట్లో ఆ లైసెన్సుకు కనీసం 20 సార్లు దూకాలి. నేను ఎంఎస్ పూర్తిచేసి, సెయింట్ లూయిస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. ఒక ఆదివారం తోటి ఉద్యోగి చూడడానికి రమ్మంటే వెళ్ళాను. గడ్డి మైదానం, రేకుల షెడ్డు, ఒక చిన్న సెస్నా విమానం, అంతే అక్కడ ఉన్నవి. చూడడానికి వెళ్ళినవాణ్ణి, పై వారం సంతకాలు పెట్టి పాఠాలకు కూర్చున్నాను. మొదటిసారి దూకినప్పుడు ఇద్దరు శిక్షకులు చెరోవైపు నన్ను పట్టుకుని నాతోపాటే కిందకు పడ్డారు. అలా ఏడు మెట్లు. నాలుగో మెట్టులో రెండుసార్లు తప్పాను. ఏడూ దాటాక ఒంటరిగా దూకనిచ్చారు.

నాకు నేర్పినావిడ వారమంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. శని, ఆదివారాలు మాకు చెప్పేది. జూలై చివర్లో ఒక సాయంత్రం, "ఆగస్టులో క్విన్సీకి రా. దూకడం కుదిరినా, కుదరకపోయినా రా" అంది. రెండో మాట ఎందుకు అన్నదో నాకు అక్కడికి వెళ్ళాక కానీ అర్థం కాలేదు.

స్కైడైవర్లు పెద్ద ఎత్తున ఒకచోట చేరడాన్ని బూగీ అంటారు. 1990లలో అన్ని బూగీలకూ పెద్దది క్విన్సీలో జరిగే వరల్డ్ ఫ్రీఫాల్ కన్వెన్షన్. క్విన్సీ మిసిసిపీ నది ఒడ్డున నలభై వేల జనాభా ఉన్న ఊరు. 1858లో లింకన్, డగ్లస్ వాదించుకున్న ఊళ్ళలో అదొకటి. విమానాశ్రయం ఊరికి తూర్పున, పొలాల మధ్యలో ఉంటుంది. ఏటా ఆగస్టులో పది రోజుల పాటు దేశదేశాల నుంచి వేల మంది అక్కడికి వచ్చి, గుడారాలు వేసుకుని, తెల్లవారిన దగ్గర నుంచి పొద్దుగూకేదాకా దూకేవారు. ట్విన్ ఆటర్లు, తోక వైపు తలుపు తెరుచుకునే స్కైవాన్లు, హెలికాప్టర్లు, వేడిగాలి బెలూన్లు, రెండంతస్తుల రెక్కల పాత విమానాలు, వీటన్నిటికీ తోడు ఒక బోయింగ్ 727.

హానిబల్ మీదుగా కారు నడుపుకుంటూ వెళ్ళి, నది దాటి, రాత్రి తొమ్మిదింటికి అక్కడ దిగాను. ఎటు చూసినా గుడారాలు, లాంతర్లు, మంటల చుట్టూ కూర్చున్న మనుషులు, ఎవరో వాయిస్తున్న గిటారు. వెంటనే నాకు కోటప్పకొండ తిరునాళ్ళు గుర్తుకొచ్చాయి. శివరాత్రికి మా ఊరి ప్రభ కట్టుకుని, ఎడ్లబండ్ల మీద కొండ కిందకు చేరి, చెట్టు కింద వంట చేసుకుని, ఆ రాత్రంతా జనంలో తిరిగినప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. భాష వేరు, దేవుడు వేరు. జనం ముఖాల్లో ఉన్న కళ మాత్రం అదే. మర్నాడు పొద్దున టెలిఫోన్ కార్డుతో ఇంటికి ఫోను చేస్తే అమ్మ, "ఎక్కడున్నావు నాయనా, అంత గోలగా ఉంది?" అని అడిగింది. "ఇక్కడ తిరునాళ్ళకు వచ్చానమ్మా" అన్నాను. "అక్కడా ఉంటాయా?" అని సంబరపడింది. నాన్న ఫోను అందుకుని ఎప్పటిలాగే, "వాన పడిందిరా అక్కడ?" అన్నాడు.

దూకుతున్నానని ఇంట్లో చెప్పలేదు. భయపడతారన్నది ఒక కారణం. రెండో కారణం ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అంతకు ముందు చలికాలంలో నాన్న వేసిన పత్తిని లద్దె పురుగు తినేసింది. వరంగల్ జిల్లాలో రైతులు, పురుగును చంపని ఆ మందునే తాగి ప్రాణాలు తీసుకున్న సంవత్సరం అది. మా నాన్నకు నేను పంపే డాలర్లు ఉన్నాయి కాబట్టి అప్పు తీరింది. మా వీధిలో అందరికీ అలా తీరలేదు. ఒక్కసారి దూకడానికి నేను కట్టేది 17 డాలర్లు, గొడుగు అద్దె వేరు. డాలరుకు 42 రూపాయలున్న రోజులవి. లెక్క వేయకూడదని ఎంత అనుకున్నా, విమానం ఎక్కడానికి టికెట్టు ఇచ్చిన ప్రతిసారీ నా వేళ్ళు ఆ లెక్క వేసేవి.

ఆ రెండు రోజులూ వృథా పోలేదు. గాలి కోసం కాచుకోవడం నాకు కొత్త కాదు. తాతయ్య కల్లంలో వడ్లు తూర్పారబట్టేటప్పుడు నేను చిన్నప్పుడు చూసింది అదే. నూర్పిడి అయ్యాక, ముక్కాలి పీట వేసుకుని, చేట పట్టుకుని ఆయన సిద్ధంగా ఉండేవాడు. గాలి ఉండదు, ఆకు కదలదు. పిడికెడు పొట్టు తీసి తల ఎత్తు నుంచి వదిలి, ఎటు పడుతుందో చూసేవాడు. నిట్టనిలువుగా కాళ్ళ దగ్గరే పడితే పీట దిగి చుట్ట వెలిగించేవాడు. కాసేపటికి మళ్ళీ పిడికెడు పొట్టు. ఏ సాయంత్రానికో పడమటి నుంచి తెర కదిలితే, "లేవండర్రా, వచ్చింది" అని అందరినీ లేపేవాడు. తాతయ్యకు గాలి రావాలి, నాకు గాలి పోవాలి. కాచుకోవడం ఒకటే.

ఈ సంగతి మా టీచరుకు చెప్పాను. ఆవిడ చాలా సేపు వింది. తర్వాత గుడారంలోకి వెళ్ళి, సంచిలోంచి పసుపుపచ్చ కాగితం పట్టీ ఒకటి తెచ్చి చూపించింది. ఇరవై అడుగుల పొడవు, ఒక చివర చిన్న బరువు. చిన్న మైదానాల్లో మొదటి లోడు, అంటే దూకేవాళ్ళతో మొదటి విమానం, పైకి వెళ్ళినప్పుడు, గొడుగు విచ్చుకునే ఎత్తు నుంచి దాన్ని వదులుతారు. గొడుగు కట్టుకున్న మనిషి ఎంత మెల్లగా దిగుతాడో అదీ ఇంచుమించు అంతే మెల్లగా దిగుతుంది. అది మైదానానికి ఎంత దూరం కొట్టుకుపోయి పడిందో చూసి, గాలికి ఎదురుగా అంతే దూరం ముందుకు వెళ్ళి దూకాలి. "మీ తాతగారు ఇక్కడ ఉంటే జంప్‌మాస్టర్‌ని చేసేవాళ్ళం" అంది ఆవిడ. ఎక్కడ, ఎప్పుడు దూకాలో చెప్పేవాణ్ణి జంప్‌మాస్టర్ అంటారు. ఆ మాట నవ్వులాటకు అన్నది కాదు.

గొడుగు మడత పెట్టడం కూడా ఆ రెండు రోజుల్లోనే నేర్చుకున్నాను. అంతవరకు ఎవరో మడిచి ఇస్తే వీపున కట్టుకునేవాణ్ణి. పక్క గుడారంలో ఒక పెద్దాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో పనిచేశాడట. నన్ను పిలిచి, నా గొడుగు పట్టుకురమ్మన్నాడు. స్టూడెంట్లకు ఇచ్చేది మాంటా అనే పెద్ద గొడుగు, 288 చదరపు అడుగులు. మా ఇంటి వసారా అంత ఉంటుంది. గుడ్డ ఎంత నున్నగా ఉంటుందంటే, ఒకవైపు పట్టుకుంటే మరోవైపు నుంచి జారిపోతుంది. తాళ్ళన్నీ భుజం మీద వేసుకుని, మడతలు ఒక్కొక్కటే విడదీసి సర్ది, నేల మీద పరిచి, దాని మీద పడుకుని లోపలి గాలిని మోచేతులతో, మోకాళ్ళతో బయటికి నెట్టాలి. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబుకుతుంది. చొక్కా పిండుకునేంత చెమట పట్టింది. "మూడు చూసుకో. తాళ్ళు చిక్కు లేకుండా ఉండాలి, బ్రేకులు కట్టి ఉండాలి, స్లైడర్, అదే గొడుగు ఒక్కసారిగా విచ్చుకోకుండా ఆపే చిన్న గుడ్డ, పైదాకా లాగి ఉండాలి. మడతలు అందంగా రాలేదని బెంగ పెట్టుకోకు" అన్నాడాయన. నేను మూడుసార్లు మడిచాను, మూడుసార్లు విప్పించాడు. నాలుగోసారి పిన్ను పెట్టి, సంచి మూసి, భుజం తట్టి లేచి వెళ్ళిపోయాడు. వీపున ఉండే రెండో గొడుగు, అంటే రిజర్వు, మన చేతిలో పని కాదు. దాన్ని లైసెన్సు ఉన్న రిగ్గర్ మాత్రమే మడవాలి, అప్పట్లో 120 రోజులకోసారి విప్పి మళ్ళీ మడవాల్సి ఉండేది. దానితో పాటు ఉండే చిన్న కార్డు మీద తేదీ, సంతకం ఉంటాయి. బూగీకి రాగానే మొదట అడిగి చూసింది ఆ కార్డునే.

జెట్ గురించి చెప్పకపోతే క్విన్సీ గురించి చెప్పినట్టు కాదు. బోయింగ్ 727కు తోక కింద మెట్లు ఉంటాయి. 1971 నవంబరులో ఒక ఆగంతకుడు విమానాన్ని దారి మళ్ళించి, రెండు లక్షల డాలర్లు తీసుకుని, రాత్రివేళ వానలో ఆ మెట్ల మీద నుంచే దూకి మాయమయ్యాడు. డి.బి. కూపర్ అని లోకం అతణ్ణి పిలిచింది. ఆ తరవాత గాలిలో ఉండగా ఆ మెట్లు తెరుచుకోకుండా ఈ రకం విమానాలకు ఒక చిన్న రెక్క బిగించారు, దానికి కూపర్ వేన్ అని పేరు. క్విన్సీలో మాత్రం ఆ తోక దారి స్కైడైవర్ల కోసం తెరిచే ఉండేది. స్టూడెంట్లకు అందులో చోటు లేదు. చోటు ఉన్నవాళ్ళు పొద్దున్నే వరుస కట్టారు. విమానం రన్‌వే మీద పరుగెత్తినప్పుడు నేల అదిరి, నా పళ్ళెంలో ఉన్న గుడ్డు కదిలింది. పావుగంట తరవాత, చాలా ఎత్తున, వెండి గీతలాంటి ఆ విమానం తోక నుంచి ఆవగింజలు చల్లినట్టు చుక్కలు రాలాయి. ఒకటీ రెండూ కాదు, ఒక పొడవాటి వరుస. గుడారాల దగ్గర ఉన్న జనమంతా ఒక్కసారి గొంతు కలిపి అరిచారు. తెలియకుండా నేనూ అరిచాను. నా నోటి నుంచి వచ్చింది, "చేదుకో కోటయ్యా!" ప్రభ కదిలినప్పుడు మా ఊళ్ళో అందరూ అరిచే మాట అది.

రెండో రాత్రి ఉరుములతో వాన వచ్చింది. గుడారం గుంజలు పట్టుకుని ఒక గంట నిలబడ్డాను. తెల్లవారేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. గాలి వాటం చూపే గుడ్డ సంచి, విండ్‌సాక్, కొయ్యకు అతుక్కుపోయి వేలాడుతోంది. పలక మీద 4 అని రాసి, కింద రెండు గీతలు గీశారు. మా టీచరు కాఫీ కప్పుతో వచ్చి నా గుడారం గుడ్డ మీద వేలితో తట్టి, "లే" అంది.

రెండో లోడులో నాకు చోటు దొరికింది. ట్విన్ ఆటర్‌లో ఇరవై మందికి పైగా ఎక్కాం. నేల మీద రెండు వరుసల్లో, ఒకరి మోకాళ్ళ మధ్య ఒకరం కూర్చున్నాం. కిరోసిన్ వాసన, తడి గడ్డి వాసన, ఎవరో నమిలే పుదీనా బబుల్‌గమ్ వాసన. నా వెనకాయన ఎవరో నాకు తెలియదు. అడగకుండానే నా వీపు మీది మూత ఎత్తి, పిన్ను చూసి, మళ్ళీ మూసి, చెవి దగ్గర "బాగుంది" అన్నాడు. తొమ్మిది వేల అడుగుల దగ్గర మేఘాల చివరలు కిటికీని రాసుకుంటూ వెళ్ళాయి. చేతి మీద ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు కదలడం చూస్తూ కూర్చున్నాను. 13,500 అడుగుల దగ్గర తలుపు పక్కన ఎర్ర దీపం పోయి ఆకుపచ్చ దీపం వెలిగింది. పెద్ద గుంపులు ముందు దూకాయి. తలుపు దగ్గర గుమిగూడి, ఒక ఊపు ఊగి, అందరూ ఒకేసారి మాయమయ్యారు. విమానం ఖాళీ అవుతున్న కొద్దీ చలి పెరిగింది. చివరకు టీచరు, నేను మిగిలాం. ఆవిడ నా కళ్ళలోకి చూసి, బొటనవేలు ఎత్తింది.

దూకిన మొదటి క్షణాల్లో పడుతున్నట్టు ఉండదు. విమానం వేగం ఇంకా ఒంట్లో ఉంటుంది. ముందుకు విసిరేసినట్టు ఉండి, మెల్లగా ఆ విసురు కిందకు తిరుగుతుంది. పది, పన్నెండు సెకన్లకు వేగం గంటకు 120 మైళ్ళకు చేరుతుంది, ఆపైన ఇక పెరగదు. అప్పుడు గాలి మనిషిని మోస్తుంది. ఏట్లో ఈత కొట్టేటప్పుడు వెల్లకిలా తేలితే నీళ్ళు వీపును ఎలా మోస్తాయో, ఇక్కడ పొట్టను గాలి అలా మోస్తుంది. పడమటి వైపు మిసిసిపీ మెరిసింది. కింద మైలుకు మైలు కొలిచి గీసిన రోడ్లు, వాటి మధ్య నలుచదరంగా పొలాలు. ఆరు వేల దగ్గర చేతులు కదిలించి చూసుకున్నాను. నాలుగు వేల దగ్గర లాగాను. నేను మడిచిన గొడుగు. తల మీద అది ముందు పొడుగ్గా లేచి, తటపటాయించి, ఒక్కో అర నిండుతూ విచ్చుకుంది. నలుచదరంగా ఉంది, నిలకడగా ఉంది, తిప్పితే తిరుగుతోంది. అంత చప్పుడు తరవాత ఆ నిశ్శబ్దం! ఎక్కడో కుక్క మొరగడం వినిపించింది.

తప్పు అక్కడ జరిగింది. నేను గాలికి ఎగువన, మైదానానికి పడమట ఉన్నాను. గాలితోపాటు మైదానం వైపు రావాలి, కొంత ఎత్తు ఉండగానే ఎదురు తిరిగి వేగాన్ని గాలికి అప్పగించాలి. ఇది నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. అయినా కింద వేల గుడారాలు పూలు పరిచినట్టు కనిపిస్తుంటే అవి చూస్తూ ఉండిపోయాను. నేల మీద గాలి లేకపోయినా పైన ఉందని మరిచాను. మైదానం నా కాళ్ళ కిందుగా వెనక్కు వెళ్ళిపోయాక తేరుకుని, ఎదురు తిరిగాను. ముందుకు కదలడం లేదు. మాంటా వేగం సుమారు గంటకు 20 మైళ్ళు. పైగాలి కూడా ఇంచుమించు అంతే. నేను ఒకేచోట నిలబడి కిందకు దిగుతున్నాను, కోడి గుడ్ల మీద దిగినట్టు.

వెయ్యి అడుగుల దగ్గర ఆశ వదులుకున్నాను. ఎక్కడ దిగాలో అప్పుడే నిర్ణయించుకోవాలి, ఆఖరి నిమిషంలో వెతుక్కోకూడదు. కింద రెండు పొలాలు, రెండూ పచ్చగానే ఉన్నాయి. ఒకదాని మీద సన్నగా, ఎండిన గడ్డి రంగులో ఒక పొర ఉంది. అవి మొక్కజొన్న జల్లులు. అంటే ఏడెనిమిది అడుగుల చేను, అందులో పడితే నేల ఎక్కడుందో తెలియదు, కాళ్ళు విరుగుతాయి. రెండోది ముదురు పచ్చగా, దుప్పటి పరిచినట్టు సమంగా ఉంది. అది సోయా చిక్కుడు. రైతు బిడ్డను కాబట్టి ఆ తేడా వెయ్యి అడుగుల నుంచే తెలిసింది. తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలు వెతకమని టీచరు చెప్పింది. వెతికాను, రోడ్డు పక్కన ఉన్నాయి, దూరంగా. మూడు వందల అడుగుల దగ్గర గాలికి ఎదురుగా నిలిపి, కాళ్ళు దగ్గర పెట్టుకుని, మొక్కల తలలు నా చెప్పుల అడుగున తగులుతున్నాయనగా రెండు బ్రేకులూ నడుం దాకా లాగాను. మెట్టు దిగినట్టు దిగాను.

మోకాళ్ళ పైదాకా చేను. రాత్రి వానకు ఆకులన్నీ తడిగా ఉన్నాయి. పండే చేలో, మొక్కల మధ్య నిలబడి ఉన్నానన్న సంగతి అప్పుడు తట్టింది. గొడుగును లాగితే మొక్కలు విరుగుతాయి. అందుకని అడుగు కదపకుండా, నేను నిలబడిన చోటికే తాళ్ళు చేదుకుంటూ, గుడ్డను మూరలు మూరలుగా పోగేసి ఎత్తుకున్నాను. సాళ్ళ మధ్యన, కాలు ముందు కాలు వేసుకుంటూ రోడ్డు వైపు నడిచాను. చిన్నప్పుడు మిరపతోటలో అడ్డంగా నడిస్తే తాతయ్య కర్ర తీసుకునేవాడు. చాలాసేపు పట్టింది. గట్టు దగ్గరకు వచ్చేసరికి ఒక పాత పికప్ బండి ఆగి ఉంది. అందులోంచి దిగిన ముసలాయన నా వైపు చూడలేదు. నేను వచ్చిన సాలు వెంట చేలోకి వెళ్ళి, దిగిన చోట కూర్చుని, మొక్కలు అటూ ఇటూ తడిమి చూశాడు. రెండు విరిగి ఉన్నాయి. తిరిగి వచ్చాక అన్నాడు: "ఇన్నేళ్ళలో సాలు వెంట నడిచి వచ్చినవాణ్ణి నిన్నే చూశాను."

"మా నాన్న కూడా రైతే" అన్నాను.

ఆయన బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఎక్కడ, ఏం పండిస్తారు అని అడిగాడు. మిరప, పత్తి, కాలువ నీళ్ళు వస్తే వరి అని చెప్పాను. పత్తి గురించి చెప్పాను, పురుగు గురించి చెప్పాను. అమెరికాలో నేను ఎవరికైనా ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. ఈ ఏడు సోయా ధర పడిపోయిందని, పంట బాగుందని, పంట బాగున్న ఏడే ధర ఉండదని అన్నాడు. ఆ మాట మా ఊరి రచ్చబండ మీద ఎన్నిసార్లు విన్నానో! ఎకరాకు ఎంత వస్తుందని అడిగితే నలభై నాలుగు బుషెళ్ళు దాకా రావచ్చన్నాడు. మనసులో క్వింటాళ్ళలోకి మార్చుకున్నాను, పన్నెండు. నన్ను, నా గొడుగును బండి వెనక ఎక్కించుకుని విమానాశ్రయం గేటు దాకా దింపాడు. దిగేటప్పుడు, విరిగిన మొక్కకు డబ్బులు ఇవ్వబోతే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. గొడుగు మడతల్లో ఒక ఆకు చిక్కుకుని వచ్చింది.

టీచరు గేటు దగ్గరే నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది. నా చేతులు, కాళ్ళు చూసి, తరవాత నిదానంగా, ఏ ఎత్తులో ఏం చేశానో ఒక్కొక్కటే అడిగింది. గుడారాలు చూస్తూ ఉండిపోయానని చెప్పాను. తిట్టలేదు. "వెయ్యి దగ్గర నిర్ణయించుకున్నావు కదా, అది రాయి" అంది. నా లాగ్‌బుక్‌లో 12వ నంబరు ఎదురుగా అది రాసి, సంతకం కోసం ఇచ్చాను. ఆవిడ తన అక్షరాలతో ‘సోయా’ అని చేర్చింది. కొత్త చోట మొదటిసారి దూకినవాడు అందరికీ బీరు పెట్టె కొనివ్వాలన్నది అక్కడి ఆచారం. సాయంత్రం కొన్నాను. పొద్దున నా వీపు మీది పిన్ను చూసిన మనిషి కూడా వచ్చాడు, ఫిన్లాండ్ నుంచి వచ్చాడట. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, ముక్కూ ముఖం తెలియని ఒక స్టూడెంట్ వీపున పిన్ను సరిగా ఉందో లేదో చూశాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఆ వారంలో మరో నాలుగుసార్లు దూకాను, నాలుగుసార్లూ గడ్డి మీదే దిగాను. సెప్టెంబరులో లైసెన్సు వచ్చింది. తరవాత కొన్నేళ్ళకు ఆ బూగీ క్విన్సీ వదిలి, అదే రాష్ట్రంలో మూతపడిన వైమానిక స్థావరం ఉన్న రాంటూల్‌కు మారింది. నేను వెళ్ళలేదు. అప్పటికి పెళ్ళయింది, పాప పుట్టింది, దూకడం దానంతట అదే తగ్గి ఆగిపోయింది.

నాన్నకు చెప్పింది 2003 సంక్రాంతికి. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, లాగ్‌బుక్ చేతికి ఇచ్చి అంతా చెప్పాను, ఒక్కోసారికి ఎంత ఖర్చయిందో కూడా. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇంగ్లీషు చదవడం రాదు, అయినా ఒక్కొక్క పేజీ తిప్పుతూ వెళ్ళాడు. 12వ నంబరు దగ్గర ఎండిపోయిన ఆకు ఉంది. మూడు రేకులుగా, గోధుమ రంగుకు తిరిగి. దాన్ని విరగకుండా అరచేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి ఈనెలు చూశాడు.

"ఇది చిక్కుడు జాతిదిరా" అన్నాడు.

"సోయా చిక్కుడు నాన్నా. నేను దిగిన చేలోది."

"చేను తొక్కావా?"

"రెండు మొక్కలు విరిగాయి."

ఆకును మళ్ళీ అదే పేజీలో పెట్టి పుస్తకం మూశాడు. కాసేపటికి, "ఎకరాకు ఎంత పండుతుందట?" అని అడిగాడు.

"పన్నెండు క్వింటాళ్ళు."

నాన్న వీధిలోకి చూస్తూ వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.